చాకులాంటి పిల్లోడి జేబులో చాకు

మా ఊరి బడిలో లెక్కల సారు నన్ను చూపించి "వీడు చాకులాంటి పిల్లోడు" అనేవాడు. పిల్లవాణ్ని మెచ్చుకోవడానికి తెలుగులో అంతకన్నా మంచి మాట లేదు. చురుకైనవాడు, చెప్పిన పని ఇట్టే చేసుకొచ్చేవాడు అని అర్థం. ఆ మాట ఇంటికెళ్లి చెబితే మా అమ్మీ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. కొన్నేళ్ల తర్వాత, 1990 డిసెంబర్‌లో, హైదరాబాద్‌లో నేను నిజంగానే ఒక చాకు కొనుక్కున్నాను. మడత చాకు. అది జేబులో పడిన క్షణం నుంచి నేను చాకులాంటి పిల్లోణ్ని కాను. చాకు పెట్టుకున్న సాయిబును. ఆ రెంటి మధ్య ఎంత దూరముందో, ఆ దూరం ఎన్నాళ్లలో ఏర్పడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ డిసెంబర్ గుర్తున్నవాళ్లకు నేను వివరించనక్కర లేదు. అయోధ్య పేరుతో రథయాత్ర దేశమంతా నిప్పు రాజేసి పోయింది. రాష్ట్రంలో ముఖ్యమంత్రి చెన్నారెడ్డి కుర్చీ కదులుతోంది. పాతబస్తీలో కర్ఫ్యూ మీద కర్ఫ్యూ. ఆ అల్లర్లలో 130 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ పని చేసింది కత్తి. గుంపులు ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడం కాదు, ఒంటరిగా దొరికినవాణ్ని గల్లీ మలుపులో పొడిచి మాయమవడం. పోయినవాళ్లలో ముస్లింలున్నారు, హిందువులున్నారు. ఇద్దరిలోనూ ఎక్కువ మంది ఆ పూట కూలికి పోకపోతే పొయ్యి వెలగనివాళ్లే.

నేను డిగ్రీ చదువుకుంటూ నగరం ఈవలి ఒడ్డున ఒక గదిలో ఉండేవాణ్ని. మా మామూ మాత్రం పాతబస్తీలో ఉండేవాడు. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో నన్ను చూడ్డానికి పిలిపించి, బియ్యం, పప్పు కొన్నాక, ఒక చిన్న దుకాణానికి తీసుకెళ్లాడు. తాళాలు, కత్తెరలు, చాకులు అమ్మే దుకాణం. ముసలాయన నన్ను పైకీ కిందికీ చూసి "కాయ్‌కూ హోనా మియా?" అన్నాడు. ఎందుకు కావాలో ఆయనకు తెలియక కాదు. నేను చెప్పలేకపోయాను. మామూ "బచ్చా అకేలా రహతా" అన్నాడు. పిల్లవాడు ఒక్కడే ఉంటాడు అని.

ముసలాయన మూడు చాకులు ముందు పెట్టాడు. ఒకటి పండ్లు కోసుకునే చిన్న చాకు. గోటితో గాడిలో పట్టి, రెండు చేతులతో విప్పాలి. రెండోది గరారీ చాకు. వెనకాల పళ్లచక్రం ఉంటుంది, తెరుస్తుంటే కర్‌కర్‌మని చప్పుడు చేస్తుంది. మూడోది బటన్ చాకు. మీట నొక్కితే ఠక్కున తెరుచుకుని బిగుసుకుంటుంది. సినిమాల్లో చూసింది అదే. నా చెయ్యి అటే పోయింది. మామూ నా చెయ్యి తీసేసి మొదటిదాన్ని ఎంచాడు. "పట్టుబడితే పండ్లు కోసుకోనీకి అని చెప్పొచ్చు" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆత్మరక్షణకు చాకు కొనబోయినవాడు మొదట ఆలోచించింది, దాడి చేసేవాడి ముందు అది ఎట్లా పనికొస్తుందని కాదు. పోలీసు ముందు ఎట్లా కనిపిస్తుందని. ఒక చాకు ఎంపికలో ఇద్దరిని తలచుకుని భయపడాల్సి వచ్చిన మనిషి చరిత్ర ఏమిటి?

ముందు మాట సంగతి చూద్దాం. కత్తి మన ద్రావిడపు మాట. చాకు కాదు. అది పారశీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. దాని వేరు తుర్కీలో ఉంది. ఈ రోజుకీ తుర్కీలో మడత కత్తిని 'చాకి' అనే అంటారు. అంటే తెలుగు తల్లి తన బిడ్డ తెలివిని మెచ్చుకునే మాట తురకల వెంట వచ్చిన మాట. వాళ్ల మాట ఇటు వస్తే మన ఉక్కు అటు పోయింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. కొలిమి పక్కన కూర్చుని దగ్గరుండి చూసుకుని కొనుక్కుపోయేవారని 19వ శతాబ్దపు తొలి రోజుల్లో ఆ ఊరు చూసిన ఇంగ్లీషువాళ్లు రాశారు. డమాస్కస్ కత్తి అని ప్రపంచం మెచ్చుకున్న కత్తుల వెనక తెలంగాణ కమ్మరి చెమట ఉంది. ఉక్కు మనది, మాట వాళ్లది. అట్లా కలిసి తయారైన వస్తువును ఇప్పుడు ఒక మతం నడుముకు కట్టేశారు.

మా ఊళ్లో కత్తి అంటే ఎవరూ భయపడలేదు. మా అబ్బా ముల్లా. ఊళ్లో పెళ్లయినా దావతయినా మేకను కోయాల్సి వస్తే ఆయనకే కబురు. కోమటోళ్లు, బాపనోళ్లు తప్ప ఆ ఊళ్లో మా అబ్బా కత్తి ఎరగని వాకిలి లేదు. గూట్లో గుడ్డ చుట్టి పెట్టిన ఆ కత్తిని తీసి, నీళ్లతో కడిగి, బిస్మిల్లా అని కోసేవాడు. ఆయన రాకపోతే పెళ్లివారు ఎదురు చూసేవారు. పని అయ్యాక ఆయన వాటా ఆకులో కట్టి ఇచ్చేవారు. అంత పెద్ద కత్తి పట్టుకుని సాయిబు ఊరి నడి బజారున నడిచిపోతుంటే "ఏం ముల్లాసాబ్, ఎవరింట్ల దావత్?" అని అడిగారే గాని తలుపులు మూసుకోలేదు. అదే సాయిబు కొడుకు జేబులో అరచేతి పొడవు లేని చాకు ఉంటే అది కేసు. ఈ మార్పు కత్తిలో రాలేదు. చూసే కంట్లో వచ్చింది.

ఆ కన్ను తయారవడంలో రామ్‌పూర్ చాకుకు పాత్ర ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని రామ్‌పూర్ 1774లో రోహిల్లా పఠాన్ల నవాబు ఫైజుల్లాఖాన్ నిలబెట్టుకున్న సంస్థానం. రోహిల్లాలు మనకు కొత్తవాళ్లు కారు. బతుకుతెరువు కోసం నిజాం రాజ్యానికి వచ్చి సిపాయిలుగా చేరారు. కొందరు వడ్డీ వ్యాపారం చేసి, జులుంతో బాకీ వసూలు చేసి, పల్లెల్లో చెడ్డపేరూ తెచ్చుకున్నారు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ వెంట నడిచి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసిందీ రోహిల్లాలే. రామ్‌పూర్‌లో మిగిలిన చేతిపనివాళ్లు మాత్రం చాకులు చేశారు. తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాల అలుగు, మీట నొక్కితే తెరుచుకునే తీరు, ఇత్తడి నగిషీ పిడి. చేతిపనిగా చూస్తే అది నిర్మల్ బొమ్మకో పెంబర్తి ఇత్తడికో తీసిపోయేది కాదు.

ఆ చాకును బొంబాయి సినిమా పట్టుకుంది. 1965లో వచ్చిన 'వక్త్' సినిమాలో చాకు గురించి రాజ్‌కుమార్ అనే మాటకు హాళ్లు చప్పట్లతో మారుమోగాయి. తర్వాత ఇరవై ఏళ్లు విలన్ల జేబులోనల్లా రామ్‌పురీయే. మెడలో తాయెత్తు, కళ్లకు సుర్మా, గళ్ల లుంగీ, చేతిలో మడత చాకు. మన తెలుగు సినిమావాళ్లు కూడా ఆ వేషాన్ని అట్లాగే దించుకున్నారు. తెరమీద చాకు ఠక్కుమన్నప్పుడల్లా హాల్లో కూర్చున్న మాలాంటి పిల్లలమూ ఈలలు వేశాం. ఆ వేషం ఒకరోజు మా ఒంటిమీదికి వస్తుందని మాకేం తెలుసు?

రామ్‌పూర్ పనివాళ్లకు జరిగింది వేరు. 1990ల్లో అక్కడి ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలు దాటిన చాకుల మీద నిషేధం పెట్టింది. తర్వాత చౌక చైనా చాకులు వచ్చిపడ్డాయి. కొలిములు ఆరిపోయాయి. పనివాళ్లు వేరే పనుల్లోకి పోయారు. 2023లో మాత్రం అదే ఊరి కూడలిలో ఇరవై అడుగుల ఇత్తడి, ఉక్కుల చాకును నిలబెట్టి ప్రారంభోత్సవం చేశారు. నాలుగున్నర అంగుళాల చాకు చేస్తే బతకలేని చేతులు ఇరవై అడుగుల చాకు కింద నిలబడి ఫొటోలు దిగవలసిందే.

చట్టం ఏమంటుంది? 1959 ఆయుధాల చట్టం, దాని కింద 1962లో వచ్చిన నిబంధనల ప్రకారం తొమ్మిది అంగుళాల కన్నా పొడవు, లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పు ఉన్న అలుగు ఆయుధం. ఇంటి పనికి, సేద్యానికి, పరిశ్రమకు చేసినవి మినహాయింపు. 2016లో నిబంధనలు తిరగరాసినప్పుడూ ఈ కొలత మారలేదు. ఢిల్లీలో 1980 నాటి ఉత్తర్వు ఇంకా గట్టిది. మర మీద తెరుచుకునే గరారీదార్, బటన్‌దార్ చాకుల అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు, నేరం. ఊరికో కొలత. కానీ ఎక్కడైనా కొలత కొలతే, దానికి మతం లేదు. పేచీ కొలబద్దతో కాదు. కొలబద్ద ఎవరి జేబు దగ్గర ఆగుతుందన్న దానితో.

ఇంకో చట్టం కూడా ఉంది. తన ప్రాణాన్ని కాపాడుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని 1860 నాటి శిక్షాస్మృతి 96 నుంచి 106 దాకా సెక్షన్లలో రాసుకుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అవే 34 నుంచి 44 సెక్షన్లు. ఆ హక్కుకు రెండు హద్దులున్నాయి. అవసరానికి మించి ఎదుటివాడికి హాని చెయ్యరాదు. సర్కారు రక్షణ కోరే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు. ఈ రెండో హద్దులో ఒక ఒప్పందం దాగి ఉంది. నువ్వు కత్తి కింద పెట్టు, నేను కాపాడతాను అని రాజ్యం మనిషితో అంటోంది. న్యాయమైన ఒప్పందమే. కానీ కత్తి తీసుకున్నాక కాపాడకపోతే?

ఈ ప్రశ్న మనకొక్కరికే వచ్చింది కాదు. గరారీ చాకు కర్‌కర్ చప్పుడును స్పెయిన్‌వాళ్లు 'కర్రాకా' అంటారు. వాళ్ల మడత చాకు పేరు నవాహా. మామూలు జనం నడుముకు కత్తి కట్టరాదని రాజులు ఆంక్షలు పెట్టినందువల్లే జేబులో దాగే నవాహా వాడుకలోకి వచ్చిందని చెబుతారు. ఆ దేశంలోనే 1492లో గ్రనడా పడిపోయాక మతం మార్చబడిన ముస్లింలు ఉన్నారు. వాళ్లను మోరిస్కోలు అన్నారు. పేరు మార్చుకున్నా, చర్చికి పోయినా అనుమానం పోలేదు. 1563లో వాలెన్సియా మోరిస్కోల ఇళ్లు సోదా చేసి ఆయుధాలన్నీ లాక్కున్నారు. 1572లో గ్రనడా మోరిస్కోలకు మొన లేని కత్తి ఒక్కటే ఉంచుకోవచ్చన్నారు. రొట్టె కోసుకునే కత్తికి మొన విరగ్గొట్టుకుని కూర్చున్న ఆ మనుషుల్ని 1609 నుంచి 1614 లోపు దాదాపు మూడు లక్షల మందిని దేశం నుంచి వెళ్లగొట్టారు. మొన లేని కత్తి వాళ్ల విధేయతకు రుజువు కాలేదు. కత్తి కాదు, మనిషే అనుమానం అయినప్పుడు ఎంత పొట్టి చేసినా చాలదు.

అంత దూరం ఎందుకు, మన గడప దగ్గరే 1948 ఉంది. దాని గురించి మాట్లాడేటప్పుడు మనం మన వైపు నుంచి ఒక నిజం ముందు చెప్పుకోవాలి. రజాకార్ల చేతిలో కత్తి ఆత్మరక్షణ పేరుతోనే లేచింది. అది పల్లెల మీద పడింది. ఆ ఏడు ఆగస్టులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్ వీధిలో చంపి, రాసే చేతిని నరికింది. ముస్లింల రక్షణ కోసం ఎత్తామన్న కత్తి ఒక ముస్లిం చేతినే తెగ్గొట్టింది. కత్తికి కులం, మతం అంటగట్టేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. మనమూ గుర్తు పెట్టుకోవాలి.

సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది, 17 నాటికి అయిపోయింది. దాని వెనకే వచ్చిన ఊచకోతల మీద నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరుల బృందం ఊరూరా తిరిగింది. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని లెక్క కట్టింది. సైన్యం చాలాచోట్ల ముస్లింలను కాపాడిందనీ రాసింది. ముస్లింల దగ్గర ఆయుధాలు తీసుకున్నారు, అవతలివాళ్ల దగ్గర తరచు వదిలేశారు అని తమకు చెప్పారనీ రాసింది. ఆ నివేదిక జనం చదవడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. పల్లెల్లో మాత్రం నివేదికతో పని లేకుండానే అందరికీ తెలుసు. మా దాదీ కూరలు తరిగే కత్తిపీటను కూడా ఆ సెప్టెంబర్‌లో బావిలో పడేశారని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. వాళ్ల తప్పల్లా ఒప్పందాన్ని నమ్మడం. కత్తి ఇచ్చేశారు. కాపలా రాలేదు.

1990లో మా మామూ నాకు చాకు కొనిపెట్టింది ఆ బావి గుర్తుండబట్టే అనుకుంటాను.

ఆ చాకు నా జేబులో మూడు వారాలు ఉంది. ఒకరోజు సాయంత్రం నేను, నా గదిలో ఉండే కరీంనగర్ మిత్రుడు, సైకిల్ మీద వస్తుంటే చెక్‌పోస్టు దగ్గర ఆపారు. జేబులు తడిమారు. చాకు బయటపడింది. "పేరేంది?" అన్నారు. నేను చెప్పకముందే మావాడు "అది నాది సార్, జామకాయలు కోసుకోనీకి వీని జేబుల పెట్టిన" అన్నాడు. వాడి పేరడిగారు. చెప్పాడు. కానిస్టేబుల్ చాకును తిప్పి తిప్పి చూసి, "ఈ రోజులల్ల ఇసుంటియి పెట్టుకోవద్దు తమ్మీ" అని వాడి చేతికే ఇచ్చాడు. నన్ను పేరు కూడా అడగలేదు. పక్కన నాలాగే పట్టుబడిన ఒక కుర్రాడు నేల మీద కూర్చుని ఉన్నాడు. వాడి దగ్గర దొరికిందేమిటో నాకు కనబడలేదు. వాడి కళ్లు మాత్రం కనబడ్డాయి.

మలుపు తిరిగాక మావాడు చాకు తిరిగి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. వాడు దాన్ని నాలాలోకి విసిరేశాడు. ఇద్దరం మాట్లాడుకోకుండా గదికి వచ్చాం.

ఈ సంగతి ఎవరికైనా చెబితే "చూశావా, నిన్ను కాపాడింది చాకు కాదు, స్నేహం" అంటారు. కాదనను. ఆ స్నేహితుడికి ఈ రోజుకీ రుణపడి ఉన్నాను. కానీ నన్ను దాటించింది వాడి స్నేహం ఒక్కటే కాదు, వాడి పేరు. అదే చాకు, అదే జామకాయల కథ, నా నోట్లోంచి వస్తే అబద్ధం. వాడి నోట్లోంచి వస్తే నిజం. ఒక మిత్రుడి పేరు కింద దాక్కుని బతికి బయటపడటం రక్షణ కాదు. ఎవరూ తోడు లేని ఆ కుర్రాడి కళ్లు నాకు ఆ మాట చెప్పాయి.

మరి చాకు కాపాడేదా? నిజం చెప్పాలంటే లేదు. చీకటి గల్లీలో వెనకనుంచి వచ్చేవాడు హెచ్చరించి రాడు. జేబులో చెయ్యి పెట్టి, చాకు వెతికి, గాడిలో గోరు ఇరికించి, రెండు చేతులతో విప్పేలోపు అయ్యేది అయిపోతుంది. బిగింపు లేని మడత చాకు పోటు గట్టిగా తగిలితే వెనక్కి మడుచుకుని పట్టుకున్నవాడి వేళ్లే తెగ్గొడుతుంది. బిగింపు ఉన్నది చట్టానికి చిక్కుతుంది. ఇద్దరు భయపడ్డవాళ్ల జేబుల్లో రెండు చాకులుంటే, మాటతో పోయే తగాదా నెత్తురుతో పోతుంది. ఆ దుకాణం ముసలాయన ఇదంతా ఒక్క మాటలో చెప్పాడు. డబ్బులు తీసుకుంటూ, "బేటా, యే ఖౌఫ్ కమ్ కర్తా, ఖత్రా నహీ" అన్నాడు. ఇది భయం తగ్గిస్తుంది, ప్రమాదం కాదు అని. అమ్ముకునేవాడే అన్న మాట అది.

కాబట్టి ఆత్మరక్షణకు ఏ చాకు ఎంచుకోవాలి అని ఏ ముస్లిం పిల్లవాడైనా అడిగితే నా దగ్గర జవాబు చాకు పేరు కాదు. నీకు చాకు కావలసి వచ్చిందంటే ఆ ఒప్పందంలో రెండో పక్షం మాట తప్పింది. నిలదీయవలసింది వాళ్లను. చెక్‌పోస్టు దగ్గర ఒకే కొలబద్ద కావాలి. అల్లరి జరిగిన రాత్రి పోలీసు ఏ గల్లీకి ఎన్ని గంటలకు వచ్చాడో లెక్క కావాలి. పొడిచినవాడికి, ఏ మతంవాడైనా, శిక్ష పడాలి. ఇవి అడగడానికి చాకు అక్కర్లేదు, అందరం కలిసి అడగాలి. ముస్లింలు ఒక్కరే అడిగితే అది ఫిర్యాదు అవుతుంది. మావాడిలాంటి వాళ్లు పక్కన నిలబడి తమ పేరు అరువివ్వడం కాదు, మా పేరుతోనే మమ్మల్ని పోనివ్వమని అడిగితే అది న్యాయం అవుతుంది.

కిందటేడు మా అబ్బాయి ఉద్యోగం కోసం వేరే రాష్ట్రానికి బయల్దేరాడు. రాత్రి బండి. నేను సంచి సర్దుతూ యాపిల్ పండ్లు, వాటితో పాటు ఒక చిన్న మడత చాకు పెట్టాను. పండ్లు కోసుకోవడానికే. వాళ్ల అమ్మ ఏమీ అనకుండా సంచి విప్పి, చాకు తీసి, వంటింటి సొరుగులో పెట్టేసింది. ఆమెకు నా కథ ఎప్పుడూ చెప్పలేదు.

"మరి పండ్లెట్ల తింటడు?" అన్నాను.

"కొరుక్కొని తింటడు" అంది.

మావాడు చాకులాంటి పిల్లోడు. వాడి సార్లందరూ అదే మాట అంటారు.